ఇల్లు ఖాళీగానే ఉంది

ఆగస్టు 9, శనివారం

ఇల్లు ఖాళీగానే ఉంది, నా పేరు చెప్పేదాకా.

ఈ మలేసియాలో ఫోనులో నా మలాయి భాష విన్నవాడెవడూ నన్ను ఇండియన్ అనుకోడు. యూనియన్ ఆఫీసులో కూర్చుని మేనేజర్లతో తగువులాడి సంపాదించుకున్న మలాయి అది. ఏజెంటు హుషారుగా ఉన్నాడు. మూడు గదులు, ఆసుపత్రి వెనక వీధి, ఎప్పుడైనా దిగొచ్చు, రేపే వచ్చి చూసుకోండి అన్నాడు. చివర్లో పేరడిగాడు. విజయరాణి అన్నాను. కీబోర్డు టకటకలాడింది. తర్వాత, "అయ్యో సిస్టర్, ఇప్పుడే చూశాను, ఆ ఇల్లు నిన్ననే పోయిందంట లా."

ఇప్పుడే చూశాడట. చివర ఆ 'లా' ఒకటి, ఇక్కడ అందరి మాటకీ ఉండే తోక.

ఒకడైతే ప్రకటనలోనే పెట్టాడు, ఇండియన్లు వద్దు అని. వాడే నయం, నా గొంతు మిగిల్చాడు. ఒక మలాయి ఆవిడ ఎంతో మర్యాదగా, మీరు వంటింట్లో పటాలూ ధూపాలూ పెడతారు కదా అంది. ఇంకొకాయన రిటైరైన హెడ్మాస్టరు, తమిళాయన. వాట్సాపు ఫోటోలో నుదుటినిండా విభూతి. "నమ్మ ఆళుంగ వేండామ్మా," అన్నాడు. మనవాళ్ళు వద్దమ్మా అని. ఆ 'నమ్మ'లో ఎంత ప్రేమో.

అడిగేది నా కోసమైతే ఇంతగా రగలను. నేను ఈ నాలుగో అంతస్తులోనే చస్తాను, నాకు బెంగ లేదు. మోహనప్రియ కోసం. మా చెల్లెలు ముత్యాలు కూతురు. ముత్యాలు కరోనాలో పోయాక మా అమ్మ చేతిలోనే పెరిగినట్టయింది ఆ పిల్ల. పెళ్ళయ్యాక మొగుణ్ణి కూడా తెచ్చుకుని మా దగ్గరే ఉంది. ఇప్పుడు కడుపుతో. క్లినిక్కులో మిస్సీ, నర్సమ్మ, బీపీ చూసి ఆ పిల్ల చెకప్ పుస్తకం మీద పసుపు స్టిక్కరు అంటించింది. అంటే కనిపెట్టి చూడాల్సిన మనిషి అని. తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, ఇంట్లో కూర్చోవద్దు, నేరుగా పెద్దాసుపత్రికి వచ్చెయ్యండి అంది.

వచ్చెయ్యండి అంటే ఎలా? రబ్బరు తోట అమ్ముకున్న కంపెనీ మమ్మల్ని తెచ్చి పడేసిన చోటు ఇది. సుంగై పెటాని ఊరికి ఒక అంచున, ఫ్యాక్టరీల వెనకాల. ఉన్నది ఒకటే రోడ్డు. షిఫ్టు మారే వేళ దాని నిండా లారీలు. రైలు కట్ట కింద నుంచి పోవాలి, గట్టిగా వానొస్తే అక్కడ నీళ్ళు. కదలని లిఫ్టు గురించి పేపర్లకి రాయడం మానేశాను.

బ్లాకులన్నిటా మనవాళ్ళే. కింద అంతస్తులో ఫ్యాక్టరీ నేపాలీలు. మమ్మల్ని ఇక్కడే ఉండమని ఎవరూ చట్టం చేయలేదు. ఒక్కొక్క ఇంటాయన విడివిడిగా, మర్యాదగా, సారీ చెప్పాడు. ఆ సారీలన్నీ కలిసి ఈ గోడ లేచింది.

ఇది రాయాలి. మలాయిలో, ఇంగ్లీషులో. ఇక్కడ తెలుగులో రాస్తే చదివేది నేనొక్కదాన్నే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్టు 13, బుధవారం

మోహనప్రియను క్లినిక్కుకు తీసుకెళ్ళాను. కుర్ర డాక్టరు మంచివాడే, ఓపికగా చూశాడు. బిడ్డ బరువు కొంచెం తక్కువ అన్నాడు. ఎందుకని అడిగాను.

"ఇండియన్లలో కొంత మామూలే ఆంటీ. జన్యువుల్లో ఉంటుంది."

"జన్యువులకి బస్సెందుకు దొరకదు డాక్టర్? ఈ పిల్ల రెండు బస్సులు మారి వచ్చింది. బస్సు రాని రోజు రాలేదు. అది ఏ జన్యువు?"

ఆయన నవ్వబోయి ఆగాడు. మోహనప్రియ నా చీరకొంగు పట్టి లాగింది.

"పెద్దమ్మా, ఊరుకో లా. ఆయన నా బీపీ సూత్తన్నాడు. నువ్వరిసినకొద్దీ ఇక్కడ నాది పెరుగుతాది."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని నేనడిగింది సరైన ప్రశ్నే.

ఆగస్టు 16, శనివారం

ఈసారి ఏజెంటు కాదు, ఇంటాయనే. మిస్టర్ ఖూ, చైనీస్. ఆసుపత్రి వెనక వీధి, మూల ఇల్లు. పేరు ముందే చెప్పాను, కడుపుతో ఉన్న పిల్ల కోసమని చెప్పాను. ఫోను రికార్డు చేశాను.

"మీరు మంచివాళ్ళే అయ్యుంటారు లా, నేను కాదనను," అన్నాడు. "కాని గోడలకి వాసన పడుతుంది, పోదు. పిల్ల పుడితే ఏడుపు. చూడ్డానికి చుట్టాలు. మీవాళ్ళు గుంపుగా వస్తారు కదా. పక్కింటివాళ్ళు నన్నంటారు. నాకు ఇవన్నీ కష్టం. మీరు ఏమీ అనుకోవద్దు."

"అనుకుంటాను," అన్నాను.

"అనుకోండి," అన్నాడు, బాధగానే.

మళ్ళీ మళ్ళీ విన్నాను. ఎక్కడా ఒక్క బూతు మాట లేదు. అదే దీని బలం. ఇది బయటపెడితే ఎవడూ కాదనలేడు.

ఆగస్టు 31

స్వాతంత్ర్య దినం. బ్లాకులో పిల్లలు జెండా కట్టారు. కదలని లిఫ్టు తలుపుకి.

సెప్టెంబర్ 5, శుక్రవారం

దారి దొరికింది. ఎవరి వల్ల దొరికిందో తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది గాని, దొరికింది.

ఉగాది సభలో పరిచయమైన హైదరాబాదు అమ్మాయి మధులిక. భర్త రవికిరణ్ కూలిం ఊళ్ళో కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజినీరు. వాళ్ళుండేది సరిగ్గా ఆ వీధిలోనే, ఖూ ఇంటికి నాలుగిళ్ళవతల. మోహనప్రియ సంగతి విని, "ఆంటీ, మా గెస్ట్ రూమ్ ఖాళీనే కదా. డెలివరీ అయ్యేదాకా ఉండనీయండి, ఏం ఫికర్ చేయకండి," అంది.

మీకు ఇల్లెలా ఇచ్చారని అడిగాను.

"కంపెనీ లెటర్ చూపిస్తే ఇచ్చేశారు ఆంటీ. ఎక్స్‌పాట్స్ అయితే ఓకే అంట. లోకల్ వాళ్ళంటేనే… గ్యాంగులవీ ఉంటాయంట కదా?"

మా ముత్తాతది శ్రీకాకుళం వైపు. ఈ దేశపు రబ్బరు చెట్లకి గాట్లు పెట్టి పెట్టి చచ్చాడు. మేం లోకల్. నిన్న విమానం దిగిన ఇండియన్ ఇండియన్ కాదు, నాలుగు తరాల ఇండియనే ఇండియన్. నాలిక దాకా వచ్చింది. మింగేశాను. గది ఆవిడది.

సెప్టెంబర్ 7, ఆదివారం

బయటి గోడ చాలదని ఇంట్లో ఇంకొకటి. అమ్మ ఒప్పుకోదు.

"నెలలు నిండుతున్న గుంటని ఇల్లు మారుత్తారేటే? కడుపులో బిడ్డ ఉండగా గడప మారితే ఆ బిడ్డకి తన గడపేదో తెలీదు."

"ఆసుపత్రి గడప తెలిస్తే చాలమ్మా దానికి."

"నీకేటి తెలుసు. నువ్వు కన్నావేటి?"

నా దగ్గర జవాబు లేని మాట అదొక్కటే అని అమ్మకి తెలుసు. అందుకే దాచుకుని వాడుతుంది. ఆవిడకి మరిడమ్మ అని పేరు పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

అమ్మే దారి చూపించింది. వంటింట్లోంచి, నా మొహం చూడకుండా.

"పాలు పొంగించకపోతే ఇల్లు మారినట్టు కాదు. సుట్టంగా ఎల్లమను. ఉప్పూ పసుపూ అట్టుకెళ్ళకూడదు. బియ్యం కుండ కదపకూడదు. దీపం ఇక్కడే ఎలుగుతాది. సుట్టపుసూపుకి ఎల్లినదానికి తప్పేటుంతాది?"

"ఒలే అమ్మమ్మా, లాయరు సదవాల్సింది నువ్వు," అంది మోహనప్రియ.

"నాను సదివుంటే మీ పెద్దమ్మకి కూడా పెళ్ళి సేసుందును."

ఇల్లంతా నవ్వింది. ఇలాంటి మూఢాచారాల మీద నేను పెద్ద వ్యాసమే రాశాను ఒకప్పుడు. ఈసారి నోరు మూసుకున్నాను. ఆచారాన్ని ఆచారంతోనే దాటింది ముసల్ది.

సెప్టెంబర్ 12, శుక్రవారం

చుట్టంగా వెళ్ళింది. ఒక బట్టల సంచీ, క్లినిక్కు పుస్తకం, అంతే. తోడు అమ్మ వెళ్ళింది.

ఆ వీధికి గేటుంది. కాపలావాడు అమ్మను చూసి, కొత్త పనిమనిషా అని అడిగాడు. నేను తగువుకి దిగేలోపల అమ్మ మోహనప్రియను చూపించి, "అవును బాబూ, ఇది నా యజమానురాలు. బువ్వ పెట్టదు, తిడతాది," అంది. తెలుగులోనే. వాడికేం అర్థమైందో గేటు తీశాడు.

మధులిక మంచిది. మంచం మీద కొత్త దుప్పటి వేసి ఉంచింది. అమ్మ మాటలు వింటూ, "మీ తెలుగు మా తాతమ్మ తెలుగులా ఉంది," అని మురిసిపోయింది. అమ్మ నా చెవిలో, "ఈ గుంట ఏటి మాటాడతాదో నాకు సగం తెల్దు గాని, నవ్వు బాగుంది," అంది.

సెప్టెంబర్ 16, మంగళవారం

మలేసియా దినం, సెలవు. మోహనప్రియ మొగుడు రవిచంద్రన్ బైకు మీద నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. గిడ్డంగిలో బరువులెత్తే పని అతనిది. మాట తక్కువ.

మోహనప్రియ మొహం తేటబడింది. పొద్దున్నే మధులికతో కలిసి నడుస్తుందట, ఆసుపత్రి గోడ చుట్టూ తిరిగి వస్తారట. బీపీ తగ్గిందని మిస్సీ చెప్పిందట. మందు మారలేదు, తిండి మారలేదు. అడ్రసు మారింది. నేనన్నది ఇదే కదా. బీపీ యంత్రంలో కూడా కనబడుతోంది.

తిరిగొచ్చేటప్పుడు రైలు కట్ట దగ్గర రవిచంద్రన్ బైకు ఆపాడు.

"పెద్దత్తా, ఆ ఇంటాయన మాటలు రికాటు సేసినావంట కదా. ప్రియ సెప్పినాది."

"చేశాను."

"బిడ్డ పుట్టినదాకా ఏటీ ఎట్టొద్దు. పుట్టినాక నీ ఇష్టం. నాను కూడా నీతో వచ్చి అరుత్తాను."

సరే అన్నాను.

సెప్టెంబర్ 20, శనివారం

పెట్టాను.

కారణం ఉంది. ఒక పెద్దమనిషి టీవీలో కూర్చుని, అద్దెకిచ్చేటప్పుడు జాతి చూడడమన్నది ఈ దేశంలో చాలా అరుదు అన్నాడు. అరుదట. పక్కన యాంకరమ్మ తలూపింది. నేనేం చెయ్యాలి? ఒక గొంతు నా ఫోనులో ఉంది. ఆ అబద్ధం వేడిగా ఉన్నప్పుడే దాని మీద నీళ్ళు పొయ్యాలి. వారం పోయాక పోస్తే ఎవడిక్కావాలి?

రికార్డింగు కింద ఖూ పేరు రాయలేదు. వీధి పేరు రాశాను, అది రాయకపోతే నమ్మరు. చివర ఒక పేరా ఉంది, దానికే జనం ఎక్కువ కదిలారు: ఇదే వీధిలో ఇవాళ ఒక ఇండియన్ పిల్ల, నెలలు నిండుతున్నది, పరదేశం నుంచి వచ్చిన ఇంజినీరు ఇంట్లో దొంగలా తలదాచుకుంటోంది, ఎందుకంటే ఈ వీధికి ఇండియా పాస్‌పోర్టు ఇండియన్ పరవాలేదు, మలేసియా ఐసీ గుర్తింపు కార్డు ఇండియన్ పనికిరాడు, అని.

ఇంటి నంబరు రాయలేదు. ఎవరి పేరూ రాయలేదు.

సెప్టెంబర్ 21

ఊరంతా వింటోంది. కౌలాలంపూర్ నుంచి ఫోన్లు. ఒక చైనీస్ అమ్మాయి ఏడుస్తూ వాయిస్ పంపింది, మా నాన్న కూడా ఇలాగే అంటాడు, సిగ్గుగా ఉందని. ఒక మలాయి లాయరు కేసు వేద్దాం అంటున్నాడు. ఇన్నేళ్ళలో నేను రాసినదేదీ ఇంత దూరం పోలేదు.

సెప్టెంబర్ 22

రవిచంద్రన్ నాతో మాట్లాడలేదు. అన్నం తిని వెళ్ళిపోయాడు.

అతనికి అర్థమవుతుంది. టైము పడుతుంది.

సెప్టెంబర్ 24, బుధవారం

మధులిక ఫోను.

"ఆంటీ, మా ఓనర్ మెసేజ్ పెట్టాడు. అగ్రిమెంట్‌లో వేరేవాళ్ళని ఉంచొద్దని ఉందంట. వీధి వాళ్ళ గ్రూపులో మొత్తం మీ పోస్టే. ఇంజినీర్ ఇండియన్ అంటే ఇక్కడ మేమొక్కళ్ళమే కదా."

"నిలబడు మధులికా. వాళ్ళేం చేస్తారు? నేను లాయర్ని పంపిస్తాను. ఒక్కరు నిలబడితే…"

"మా పర్మిట్ కంపెనీ చేతిలో ఉంది ఆంటీ. మేం కొట్లాడలేం."

ఏడుస్తోంది. నేను చాలా మాటలన్నాను. మీరు వచ్చేది జీతాలకేనా, మా భుజాల మీద నిలబడి మమ్మల్నే చూడరా అన్నాను. అవన్నీ నిజాలే.

ఆవిడ ముక్కు చీది, చిన్నగా అంది. "చుట్టంగానే కదా ఆంటీ వచ్చింది. అమ్మమ్మగారే అన్నారు కదా, ఇల్లు మారినట్టు కాదని."

చుట్టాన్ని పొమ్మనడం తేలిక. పాలు పొంగించి ఉంటే, బియ్యం కుండ పెట్టి ఉంటే, ఇది మా ఇల్లు అని ఒక్క మాట అనడానికి ఉండేది. అమ్మ ఆచారమే కొంప ముంచింది.

సెప్టెంబర్ 25, గురువారం

వెనక్కి తెచ్చాం. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ప్రతి మలుపులోనూ మోహనప్రియ రెయిలింగు పట్టుకుని నిలబడింది. రవిచంద్రన్ వెనక నుంచి నడుం పట్టుకున్నాడు.  అమ్మ పైకొచ్చి నేరుగా దీపం దగ్గరికెళ్ళి వత్తి సర్దింది.

ఇంకా చాలా టైముంది. మిస్సీ ఇచ్చిన తేదీ దూరంగానే ఉంది.

సెప్టెంబర్ 29

పోస్టు కింద తిట్లు మొదలయ్యాయి. మీవాళ్ళు తాగుతారు, మీవాళ్ళు అద్దె ఎగ్గొడతారు, కావాలంటే ఇండియాకి పొండి. ఒక్కొక్కడికీ జవాబు రాస్తున్నాను. వదిలేస్తే వాళ్ళ మాటే చివరిమాట అవుతుంది.

మోహనప్రియ కాళ్ళు వాచాయి. మెట్ల వల్ల.

అక్టోబర్ 2, గురువారం

ఆసుపత్రి వరండాలో ఉన్నాను. చేతిలో ఈ పుస్తకం ఎలా వచ్చిందో తెలియదు.

పొద్దున తలనొప్పి అంది. పనాడోల్ ఇచ్చాను. పడుకోమన్నాను. మళ్ళీ నా బల్ల దగ్గరికి వెళ్ళాను.

లోపలికి తీసుకెళ్ళారు.

అక్టోబర్ 3

ఆడపిల్ల. ఏడవలేదు.

మోహనప్రియ బతికింది. ఇంకా మాట్లాడడం లేదు.

అక్టోబర్ 5, ఆదివారం

పాపను పూడ్చాం. చిన్నపిల్లల్ని కాల్చరు కదా. తోట ఉన్న రోజుల్లో మా పిల్లల్ని పూడ్చే చోటు ఇప్పుడు ఎవరిదో గోడ లోపల ఉంది, పామాయిలు చెట్ల కింద. ఊరవతల హిందువుల శ్మశానంలో చోటిచ్చారు. రవిచంద్రన్ ఎవరి చేతికీ ఇవ్వలేదు, కారులో ఒళ్ళోనే పెట్టుకు కూర్చున్నాడు. నేను పట్టుకుంటానన్నాను. "వేండా," అన్నాడు.

అక్టోబర్ 9, గురువారం

రాయాలి. క్రమంగా రాయాలి. లేకపోతే ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటారు.

పొద్దున్న తలనొప్పి. పనాడోల్ ఇచ్చాను. పనాడోల్ తప్పు కాదు, ఏ డాక్టరైనా ఇస్తాడు. మధ్యాహ్నానికి వాన. అమ్మ గదిలోంచి, "ఒలే రాణీ, బేగి రాయే, గుంట కళ్ళు తేలేత్తంది," అని పిలిచింది. వెళ్ళేసరికి ఒళ్ళంతా కొట్టుకుంటోంది. పళ్ళు బిగుసుకున్నాయి. ఆంబులెన్సుకి ఫోను చేశాను. వస్తున్నారు అన్నారు, వచ్చారు కూడా, రైలు కట్ట అవతలి దాకా. కట్ట కింద నీళ్ళు.

లిఫ్టు లేదు. కింది అంతస్తు నేపాలీలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చీరతో కట్టి మోసుకొచ్చారు. మలుపు మలుపులో కుర్చీ తిరగక ఎత్తి తిప్పారు. రెండో అంతస్తు దగ్గర కుర్చీ కింద నుంచి రక్తం మెట్ల మీద పడింది. అమ్మ వెనకాలే వస్తూ కొంగుతో తుడిచింది. ఎందుకు తుడుస్తావమ్మా అన్నాను. "ఎవులైనా తొక్కుతారు," అంది.

షిఫ్టు మారే వేళ. లారీలు కదలవు. ఒక లారీ డ్రైవరు, మలాయి, కిందికి దిగి పిల్లను తన కాబిన్లోకి ఎక్కించుకుని నీళ్ళలోంచి దాటించాడు. పేరడగడం మర్చిపోయాను. అవతల ఆంబులెన్సు వాళ్ళు అందుకున్నారు. డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు, అది నేను చూశాను. లోపల మాయ విడిపోయిందన్నారు. ఇంకొంచెం ముందు తెచ్చుంటే అన్నారు. తలనొప్పి ఎప్పటి నుంచి అని అడిగారు.

మధ్యాహ్నం నుంచి అని చెప్పాను.

ఇప్పుడు చెప్పండి, ఎవరు చంపారు? తోట అమ్మినవాడా, ఊరి చివర ఫ్లాట్లు కట్టినవాడా, లిఫ్టు బాగుచెయ్యనివాడా? రైలు కట్ట కింద కాలువ తవ్వనివాడా? గోడలకి వాసన పడుతుందన్నవాడా? ఉండనిచ్చి తర్వాత పొమ్మన్నదా? ఇందరు ఉండగా ఒక మాత్ర మీద పడతారా ఎవరైనా?

ఎవరూ పడలేదు. ఇంట్లో ఎవరూ మాత్ర గురించి అనలేదు. నేనే రాస్తున్నాను.

పనాడోల్ తప్పు కాదు.

అక్టోబర్ 12

రవిచంద్రన్ ఇవాళ మాట్లాడాడు. అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా.

"పెద్దత్తా, ఆ పోస్టుకి ఎన్ని లైకులొచ్చినాయి?"

అక్టోబర్ 14

కౌలాలంపూర్ వార్తల పోర్టల్ వాళ్ళు అడుగుతున్నారు, తర్వాత ఏమైందో రాయండి, ఇప్పుడే రాస్తే చట్టం కదులుతుంది అని. నిజమే, కదలొచ్చు. మొదటి వాక్యం సిద్ధంగా ఉంది. బాగుంది కూడా. అంత బాగా ఎలా వచ్చిందో చూసి లాప్‌టాప్ మూసేశాను.

అక్టోబర్ 19, ఆదివారం

ఖూ ఫోను చేశాడు. ఆయనే.

"విన్నాను," అన్నాడు. "మా చర్చిలో చెప్పారు. నా మనవరాలు నాతో మాట్లాడడం మానేసింది." తర్వాత చాలాసేపు దగ్గాడు. "ఇల్లు ఖాళీగానే ఉంది. ఆ అమ్మాయి వచ్చి ఉండొచ్చు. ఎన్నాళ్ళయినా. మీరు ఆ రికార్డింగు తీసేస్తే చాలు. అందరూ నా గొంతు గుర్తుపడుతున్నారు లా. కాఫీకి వెళ్ళలేకపోతున్నాను."

కాఫీకి వెళ్ళలేకపోతున్నాడట.

ఇదీ వీళ్ళ న్యాయం. బిడ్డ పోయాక తలుపు తీస్తారు, అదీ ఒక్కరికి, అదీ నోరు మూసుకుంటే. మిగతా బ్లాకుల్లో కడుపుతో ఉన్న పిల్లల సంగతి? ఈ ఒక్కటీ తీసుకుంటే మేం అడిగింది న్యాయం కాదు, బేరం అని తేలుతుంది. ఆ గొంతు ఉండాలి. ప్రతి ఇంటాయనా ఫోనెత్తే ముందు అది గుర్తు రావాలి. సాక్ష్యం అమ్ముకునే జాతి కాదు మాది.

వద్దన్నాను. ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడున్న బాధలో వాళ్ళకిది అనవసరం.

అక్టోబర్ 20

దీపావళి. మా గుమ్మంలో దీపాలు పెట్టలేదు. పక్కింటివాళ్ళు కూడా మా కోసం టపాకాయలు కాల్చలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

తెలిసిపోయింది. ఖూ ఏజెంటు చేత రవిచంద్రన్‌కి కూడా మెసేజ్ పెట్టించాడట. మోహనప్రియ మంచం మీద లేచి కూర్చుని నన్ను పిలిచింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నన్ను వరసపెట్టి పిలవడం ఇదే మొదటిసారి.

"పెద్దమ్మా, ఇల్లిత్తానన్నాడంట కదా. నువ్వొద్దన్నావంట."

చెప్పాను. అంతా చెప్పాను. మిగతా పిల్లల గురించి, సాక్ష్యం గురించి, చట్టం గురించి. బాగానే చెప్పాను. ఆ పిల్ల చివరిదాకా విన్నది. 

"నువ్వు రాసింది తప్పని నాననలేదు," అంది. "మా డాక్టరుగారు కూడా సదివినాడంట, మంచిగా రాసినారన్నాడు. మళ్ళీ కడుపొత్తే నాను ఈ మెట్లు దిగలేను. అంతే."

"మళ్ళీనా? ఇంత త్వరగా ఆ మాటెందుకే…"

"ఎప్పుడైనా లా. ఒకేడాదికి, రెండేళ్ళకి. ఆ రోజు కుర్చీలో నాకు మజ్జమజ్జన తెలివొచ్చినాది. ఆళ్ళు నన్ను తిప్పతన్నప్పుడు మెట్లు కనబడినాయి. ఇంకా ఎన్నున్నాయో సూసినాను." దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుంది. "తలనొప్పి పొద్దున్నుంచని డాక్టరుకి నానే సెప్పినాను. అడిగినాడు మరి."

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ దగ్గర నాకు తగలాల్సిన మాట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇవాళ అనలేదు.

నవంబర్ 1, శనివారం

తీసేశాను.

తీసేసే ముందు ఇంకొకసారి విన్నాను. ఆయన గొంతు కాదు, నాది. ఏమీ అనుకోవద్దు అంటే, 'అనుకుంటాను' అన్నాను అందులో. ఎంత గట్టిగా అన్నానో.

లాయరు తిట్టాడు. పోర్టల్ వాళ్ళు తిట్టారు. అమ్ముడుపోయింది అని ఎవడో రాశాడు. జవాబు రాయలేదు.

నవంబర్ 8, శనివారం

ఇల్లు చూడ్డానికి వెళ్ళాం, నేనూ మోహనప్రియా రవిచంద్రనూ. ఖూ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నేననుకున్నదానికన్నా ముసలివాడు, చెప్పుల్లో సాక్సులు. గోడలకి కొత్త సున్నం. ఎవరి వాసనా లేదు.

వెనక గది కిటికీ తీస్తే ఆసుపత్రి కనిపిస్తుంది. గోడ, గోడ మీద తీగ, దాని వెనక ఎమర్జెన్సీ గేటు. మోహనప్రియ కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. ఒక ఆంబులెన్సు లోపలికెళ్ళింది. ఒక మలాయి పిల్ల పొట్ట పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా, నడిచే వచ్చింది. చేతిలో ఐస్‌క్రీము. మోహనప్రియ ఆ పిల్ల లోపలికి పోయేదాకా చూసింది.

"ఇక్కడే పడుకుంటాను," అంది మొగుడితో.

ఖూ నా దగ్గరికి వచ్చాడు. కాసేపు చేతులు నలుపుకున్నాడు. ఆయన గొంతు నేనెంతగా విన్నానో నా గొంతు ఆయనా అంతే విని ఉంటాడు, ఊరితో పాటు. నేనక్కడ నోరు తెరవలేదు అప్పటిదాకా.

"పేపర్లలో రాసేది మీరేనా?" అన్నాడు.

"కాదు," అన్నాను. "నేను ఈ పిల్ల పెద్దమ్మని."

ఆయన నా మొహం వంక చూశాడు. తర్వాత తలూపి, వంటింటి పంపు కొంచెం బిగుతుగా ఉంటుంది, ఎలా తిప్పాలో చూపిస్తాను రండి అన్నాడు. వెళ్ళాను.